అరుగు మీది యువకుడు
బస్తీలో యువజన సంస్థ తెరిచేవారికీ, తెరిపించేవారికీ ఒక పాఠం



పట్టణాల్లో నివసించే మనలో చాలామంది ఈ దృశ్యాన్ని ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు. మస్జిదు పక్క వీధిలో ఒక ఇంటి మేడ మీద యువజన వికాస సంస్థ ఒకటి ప్రారంభమవుతుంది. గుమ్మానికి రిబ్బను కడతారు. ఖుర్ఆన్ పారాయణంతో సభ మొదలవుతుంది. పెద్దలకు శాలువాలు కప్పుతారు. యువతే సమాజానికి వెన్నెముక అని వక్తలు ఒకరి తర్వాత ఒకరు చెబుతారు. ఫొటోలు తీసుకుంటారు, భోజనాలు చేస్తారు, వెళ్ళిపోతారు.

అదే సమయంలో వీధికి అవతల ఒక అరుగు మీద అయిదారుగురు కుర్రాళ్ళు కూర్చుని ఉంటారు. వక్తల మాటలు మైకులో వారికీ వినిపిస్తూనే ఉంటాయి. ఎవరి గురించి ఇంత సభ జరిగిందో ఆ యువకులు వాళ్ళే. కాని వారిని లోపలికి రమ్మని పిలిచినవారు ఉండరు. సభ ముగిశాక వారిలో ఒకడు కుర్చీలు మోయడానికి మాత్రం పనికొస్తాడు.

యువజన సంస్థలు పెట్టడం ఎంతో పుణ్యకార్యం. అందులో సందేహం లేదు. అయితే ఆ సంస్థ నిలిచిందా లేదా అన్నది బోర్డును చూసి గాని, ప్రారంభసభకు వచ్చిన జనాన్ని చూసి గాని చెప్పలేము. ఆరు నెలల తర్వాత ఆ అరుగు మీది కుర్రాడు ఎక్కడున్నాడో చూసి చెప్పాలి. ఈ నెల పాఠంలో మనం తెలుసుకోవలసిన విషయం ఇదే.

అరుగుకు వచ్చిన చెడ్డపేరు

ముందుగా ఆ కుర్రాడు ఎవరో తెలుసుకుందాం. అతడు పరాయివాడు కాడు. మన ఇంటి అబ్బాయే, లేదా మన పక్కింటి అబ్బాయే. పదో తరగతి తప్పాడు, లేదా అంతవరకూ కూడా చేరలేదు. పగలంతా మెకానిక్ షెడ్డులోనో, పంక్చర్ షాపులోనో, గాజుల కార్ఖానాలోనో, వెల్డింగు దుకాణంలోనో పనిచేస్తాడు. సాయంత్రం ఇంటికి వస్తే ఉన్నవి రెండు గదులు. అక్కాచెల్లెళ్ళు, నానమ్మ, చిన్నపిల్లలు. కాళ్ళు చాపుకొని కూర్చునే చోటు కూడా లేదు. అందుకే బయటికి వస్తాడు. బయట అతని కోసం ఉన్నది అరుగు ఒక్కటే.

అరుగు మీద కూర్చోవడం పాపం కాదు. అయితే పలకరించే పెద్దలు లేని అరుగును ఇతరులు ఆక్రమిస్తారు. గుట్కా అమ్మేవాడు వస్తాడు, గంజాయి పొట్లం తెచ్చేవాడు వస్తాడు, ఫోనులో పందేలు కాయించి అప్పులిచ్చేవాడు వస్తాడు. మనం ఇవ్వని సమయాన్ని వాళ్ళు ఇస్తారు.

హైదరాబాదు పాతబస్తీలో 2010 దశకంలో పోలీసులు అర్ధరాత్రి దాటాక వీధుల్లో, అరుగుల మీద గుమిగూడే యువకులను స్టేషనుకు తీసుకువెళ్ళి, తల్లిదండ్రులను పిలిపించి మందలించే కార్యక్రమం చేపట్టారు. దానికి వచ్చిన పేరు ‘చబూత్రా’. అంటే అరుగు. తెల్లవారుజామున స్టేషను ముందు కొడుకు కోసం నిలబడిన తల్లిదండ్రుల మనఃస్థితి ఎలా ఉంటుందో ఊహించుకోండి. పోలీసుల పని పోలీసులు చేశారు. కాని మన పిల్లవాడు రాత్రి ఒంటిగంటకు ఎక్కడున్నాడో మనకంటే ముందు వాళ్ళకు తెలిసిందంటే తప్పు ఎక్కడుందో మనం ఆలోచించుకోవాలి.

సుఫ్ఫా కూడా అరుగే

ఇక్కడ మనం గుర్తు చేసుకోవలసిన గొప్ప విషయం ఒకటుంది. ఇస్లామ్ చరిత్రలో పేరెన్నికగన్న విద్యాకేంద్రం ‘సుఫ్ఫా’. ఉర్దూ మాట్లాడే మన పెద్దలు సుఫ్ఫా అంటే ఏమిటో పిల్లలకు వివరించేటప్పుడు చబూత్రా అనే చెబుతారు! మదీనాలోని మస్జిదె నబవీలో, కిబ్లా మారిన తర్వాత, వెనుక భాగాన నీడ వేసి ఉంచిన చోటు అది. ఇల్లు లేనివారు, కుటుంబం లేనివారు, చేతిలో చిల్లిగవ్వ లేనివారు అక్కడ ఉండేవారు. లోకం దృష్టిలో వారు ఏ పనీ లేక ఒకచోట కూర్చున్నవారు. దైవప్రవక్త (స) దృష్టిలో వారు విద్యార్థులు, అతిథులు. హదీసులను అందరికంటే ఎక్కువగా ఉల్లేఖించిన హజ్రత్ అబూ హురైరా (రజి) ఆ అరుగు మీదివారే.

సుఫ్ఫా నడిచిన తీరులో మనకు మూడు పాఠాలున్నాయి.

మొదటిది: దాని భారాన్ని బస్తీ అంతా పంచుకుంది. ఇద్దరికి సరిపడా భోజనం ఉన్నవారు మూడో మనిషిగా సుఫ్ఫావారిలో ఒకరిని తమ ఇంటికి తీసుకువెళ్ళాలని దైవప్రవక్త (స) ఆదేశించేవారు. ఈ విషయం బుఖారీ గ్రంథంలో ఉంది. అంటే ఒక ధనవంతుడు ఒకసారి ఇచ్చిన చందాతో ఆ కేంద్రం నడవలేదు. రోజూ ఇళ్ళ తలుపులు తెరుచుకోవడం వల్ల నడిచింది.

రెండోది: నాయకుడు చివర తిన్నాడు. ఒకరోజు ఆకలితో అలమటిస్తున్న హజ్రత్ అబూ హురైరా (రజి)ను దైవప్రవక్త (స) చూశారు. ఇంట్లో ఒక గిన్నెడు పాలున్నాయి. సుఫ్ఫావారందరినీ పిలుచుకు రమ్మన్నారు. ఆ ఒక్క గిన్నె నుండి అల్లాహ్ శుభంతో అందరూ కడుపునిండా తాగారు. తర్వాత అబూ హురైరా (రజి) తాగారు. దైవప్రవక్త (స) అందరికంటే చివర తాగారు. మన సభల్లో ముందు వరుస కుర్చీలు, ముందు వడ్డన ఎవరికి దక్కుతున్నాయో ఒకసారి చూసుకుందాం.

మూడోది: అక్కడ శ్రమకూ చదువుకూ వైరం లేదు. ఖుర్ఆన్ బాగా నేర్చిన అన్సార్ యువకులు కొందరు పగలు మస్జిదుకు నీళ్ళు తెచ్చేవారు, కట్టెలు కొట్టి అమ్మేవారు, ఆ డబ్బుతో సుఫ్ఫావారికి ఆహారం కొనేవారు, రాత్రివేళ చదువుకునేవారని హజ్రత్ అనస్ (రజి) తెలియజేశారు. పగలు మెకానిక్ షెడ్డులో పనిచేసే మన అబ్బాయికి చదువు రాదని ఎవరన్నారు? అతనికి వీలైన వేళ మన కేంద్రం తెరిచి ఉండాలి, అంతే.

అరుగు అదే. కూర్చునేవారూ అలాంటి పేదలే. తేడా అంతా వారి మధ్యకు వచ్చి కూర్చున్న మనిషిలో ఉంది.

మక్కాలోని రెండు ఇళ్ళు

యువజన సంస్థ ఏం పని చేయాలి? ఈ ప్రశ్నకు జవాబు మక్కా నగరంలోని రెండు ఇళ్ళు చెబుతాయి.

మొదటిది అబ్దుల్లాహ్ బిన్ జుద్ఆన్ ఇల్లు. అప్పటికి దైవప్రవక్త (స)కు దౌత్యపదవి లభించలేదు. ఆయన వయసు ఇంచుమించు ఇరవై ఏళ్ళు. యెమన్‌లోని జబీద్ నుండి వచ్చిన ఒక వర్తకుని సరుకు తీసుకొని, మక్కా పెద్దమనిషి ఆస్ బిన్ వాయిల్ డబ్బు ఎగ్గొట్టాడు. పరదేశి మొర ఆలకించినవారు లేరు. అప్పుడు కొన్ని వంశాలవారు ఆ ఇంట్లో సమావేశమై, బాధితుడు ఎవరైనా సరే, అతనికి హక్కు దక్కేవరకు అండగా నిలుస్తామని ప్రమాణం చేశారు. అదే హిల్ఫుల్ ఫుజూల్. దైవప్రవక్త (స) అందులో పాల్గొన్నారు. ప్రవక్త అయిన తర్వాత కూడా ఆయన ఆ ఒప్పందాన్ని మెచ్చుకున్నారు. అలాంటి దానికి ఇప్పుడు పిలిచినా వెళ్తానని చెప్పారు.

రెండోది సఫా కొండ దగ్గరి హజ్రత్ అర్ఖమ్ (రజి) ఇల్లు. యౌవనంలో ఉన్న ఆయన తన ఇంటిని ధర్మశిక్షణ కోసం ఇచ్చారు. ఆయనది బనూ మఖ్జూమ్ వంశం. ఇస్లామ్‌కు బద్ధశత్రువైన అబూజహల్‌ది కూడా అదే వంశం. ప్రమాదం ఎంతటిదో గ్రహించండి! ఆ ఇంట్లోనే సంపన్న కుటుంబపు యువకుడు హజ్రత్ ముస్అబ్ బిన్ ఉమైర్ (రజి) ఇస్లామ్ స్వీకరించారు. తర్వాత ఆయనే మదీనాకు మొదటి బోధకుడిగా వెళ్ళారు. హజ్రత్ ఉమర్ (రజి) సత్యాన్ని స్వీకరించింది కూడా అక్కడే.

ఒక ఇంట్లో హృదయ సంస్కరణ, మరో ఇంట్లో జనసేవ. మన సంస్థకు ఈ రెండూ కావాలి. దర్స్ ఒక్కటే ఉండి, పక్కింటి ముసలమ్మ పింఛను కాగితం రాసిపెట్టేవారు లేకపోతే అది సగం సంస్థ. క్యారమ్ బోర్డు, కంప్యూటరు ఉండి, నమాజు వేళ ఎవరూ లేవకపోతే అదీ సగం సంస్థే. ఇంకో మాట. హిల్ఫుల్ ఫుజూల్‌లో ఉన్నవారంతా ఒకే ధర్మం పాటించే విశ్వాసులు కారు. బస్తీలోని హిందూ, క్రైస్తవ సోదరుల కష్టంలో కూడా మన యువకులు ముందుండాలి. రక్తం అవసరమైనప్పుడు, వరద నీళ్ళు ఇళ్ళలోకి వచ్చినప్పుడు ధర్మం అడిగి సాయం చేయడం ప్రవక్త సంప్రదాయం కాదు.

వెక్కిరించినవాడే ముఅజ్జిన్

ఎవరిని లోపలికి రానివ్వాలి అనే విషయంలో మన నిర్వాహకులు తరచూ పొరబడతారు. మంచి పిల్లలను చేర్చుకుంటాం, చెడ్డపిల్లలు వస్తే వీళ్ళూ చెడిపోతారు అంటారు. ఈ భయం అర్థం లేనిది కాదు. అయినా హజ్రత్ అబూ మహ్‌జూరా (రజి) కథ వినండి.

హిజ్రీ 8వ సంవత్సరంలో దైవప్రవక్త (స) హునైన్ నుండి తిరిగి వస్తున్నారు. దారిలో అజాన్ వినిపించింది. మక్కాకు చెందిన పదిమంది కుర్రాళ్ళు దూరం నుండి ఆ అజాన్‌ను ఎగతాళిగా అనుకరిస్తూ అరవసాగారు. దైవప్రవక్త (స) వారిని పిలిపించారు. మనమైతే ఏం చేసేవాళ్ళం? చెవి మెలిపెట్టి తండ్రికి ఫిర్యాదు చేసేవాళ్ళం. ఆయన ఒక్కొక్కరి చేత అజాన్ పలికించి విన్నారు. వారిలో ఒకరి గొంతు బాగుందని గుర్తించారు. మిగిలినవారిని పంపించి అతణ్ణి ఉంచారు. అజాన్ పదాలను స్వయంగా నేర్పారు. వెండి ఉన్న చిన్న సంచీ ఇచ్చారు. తలను ప్రేమగా నిమిరి, శుభం కోసం ప్రార్థించారు. ఆ క్షణం వరకు గుండెలో ఉన్న ద్వేషమంతా ప్రేమగా మారిపోయిందని అబూ మహ్‌జూరా (రజి) తర్వాతి కాలంలో స్వయంగా చెప్పుకున్నారు. ఆ యువకుడే మక్కా ముఅజ్జిన్ అయ్యారు. ఆయన తర్వాత ఆయన సంతతివారు కూడా ఆ సేవ చేశారు.

గమనించారా? దైవప్రవక్త (స) ఆ అల్లరిలో గొంతును విన్నారు. మన వీధిలో మోటారు సైకిలు ఒక చక్రం మీద నడిపే కుర్రాడిలో ధైర్యముంది. నలుగురిని వెంటేసుకుని తిరిగేవాడిలో నాయకత్వముంది. ఆ ప్రతిభను గుర్తించి పని అప్పగించే మనిషి కావాలి.

చికాగోలో ఒక బస్తీ

అది ప్రవక్త కాలం, ఈ రోజుల్లో ఇదంతా సాధ్యమా అని ఎవరైనా అడగవచ్చు. అమెరికాలోని చికాగో నగరం సంగతి చూద్దాం. ఆ నగరపు నైరుతి భాగంలో పేదరికం, నిరుద్యోగం, తుపాకుల హింస ఎక్కువగా ఉన్న బస్తీలున్నాయి. 1990 దశకంలో ముస్లిమ్ విద్యార్థులు, స్థానికులు కలిసి అక్కడ పని ప్రారంభించారు. 1997లో అది ‘ఇన్నర్ సిటీ ముస్లిమ్ యాక్షన్ నెట్‌వర్క్’ పేరుతో నమోదైంది. క్లుప్తంగా దాని పేరు ‘ఇమాన్’. రామీ నషాషిబీ దాని సంస్థాపకులలో ఒకరు.

ఆ సంస్థ బస్తీవారి అవసరాలను ఒక్కొక్కటిగా చేపట్టింది. వైద్యం అందనివారి కోసం ఉచిత క్లినిక్కు పెట్టింది. జైలు నుండి విడుదలై వచ్చినవారికి ఎవరూ పని ఇవ్వరు. వారికి వడ్రంగం, నిర్మాణపు పనులు నేర్పి, పాడుబడిన ఇళ్ళను బాగు చేయించింది. ఏ వీధికి తమ వల్ల చెడ్డపేరు వచ్చిందో అదే వీధిలో వారు ఇళ్ళు నిలబెట్టారు.

మరో విషయం మనల్ని ఆలోచింపజేస్తుంది. ఆ నల్లజాతి బస్తీల్లో చిల్లర దుకాణాలు చాలావరకు అరబ్బు ముస్లిమ్‌లవే. వాటిలో కొన్ని చోట్ల మద్యం అమ్మేవారు, తాజా కూరగాయలు మాత్రం దొరికేవి కావు. ‘ఇమాన్’ పరాయివారిని నిందించి ఊరుకోలేదు. ఆ ముస్లిమ్ దుకాణదారుల దగ్గరికే వెళ్ళి, మనం ఈ బస్తీకి ఏమి అమ్ముతున్నామని ప్రశ్నించింది. 2022లో ఎంగిల్‌వుడ్ అనే బస్తీలో తాజా కూరగాయలు, పండ్లు దొరికే దుకాణాన్ని తెరిచింది. పని మొదలైనప్పటి నుండి అక్కడిదాకా రావడానికి పాతికేళ్ళు పట్టిందని గుర్తుంచుకోవాలి.

మన బస్తీల్లో గుట్కా ఎవరి డబ్బాలో దొరుకుతోంది? వడ్డీకి డబ్బు ఎవరు తిప్పుతున్నారు? సంస్థ ప్రారంభసభలో శాలువా కప్పించుకున్నవారిలో వారు ఉన్నారా? చేదుగా ఉన్నా ఈ ప్రశ్న వేసుకోక తప్పదు.

తాళంచెవి ఎవరి చేతికి?

చాలా సంస్థలు రెండో ఏడాదికే మూతపడటానికి డబ్బు లేకపోవడమే కారణమనుకుంటాం. అంతకంటే పెద్ద కారణం నమ్మకం లేకపోవడం. కార్యవర్గంలో అందరూ అరవై దాటినవారు. గది తాళంచెవి వారి జేబులో. క్యారమ్ బోర్డు బయటికి తీయాలన్నా పెద్దల అనుమతి కావాలి. ఇక యువకుడు ఎందుకు వస్తాడు?

దైవప్రవక్త (స) మక్కా విజయం తర్వాత ఆ పవిత్ర నగర పాలనను సుమారు ఇరవై ఏళ్ళ హజ్రత్ అత్తాబ్ బిన్ అసీద్ (రజి)కు అప్పగించారు. తన చివరి రోజుల్లో సిద్ధం చేసిన సైన్యానికి, ఇంకా ఇరవై నిండని హజ్రత్ ఉసామా (రజి)ను నాయకుడిగా నియమించారు. ఆ సైన్యంలో హజ్రత్ ఉమర్ (రజి) వంటి పెద్దలున్నారు. కొందరు ఆక్షేపించారు. అయినా దైవప్రవక్త (స) ఆ నిర్ణయాన్ని మార్చలేదు. ఆయన పరమపదించిన తర్వాత ఖలీఫా హజ్రత్ అబూబక్ర్ (రజి) సైన్యాన్ని సాగనంపుతూ ఉసామా (రజి)ను వాహనం మీదే ఉండమని, తాను పక్కన నడిచారు. ఉమర్ (రజి)ను మదీనాలో తన దగ్గర ఉంచమని ఆ యువకుణ్ణే అనుమతి అడిగారు. పెద్దరికం అంటే ఇది!

యువకుడు పొరపాటు చేస్తే? దానికీ ఆదర్శముంది. హజ్రత్ అమ్ర్ బిన్ సలిమా (రజి) ఆరేడేళ్ళ బాలుడు. తన తెగలో ఖుర్ఆన్ ఎక్కువగా వచ్చినవాడు కావడంతో ఆయనను ఇమామ్‌గా నిలబెట్టారు. ఒంటి మీది వస్త్రం పొట్టిది. సజ్దా చేస్తే శరీరం కనిపించేది. ఒక స్త్రీ ఆ విషయం ఎత్తి చెప్పింది. తెగవారు ఆయనను ఇమామత్ నుండి దింపలేదు. గుడ్డ కొని చొక్కా కుట్టించారు. ఆ చొక్కా వల్ల కలిగినంత సంతోషం తనకు మరి దేని వల్లా కలగలేదని ఆయన చెప్పేవారు. పిల్లల్లో లోపం కనబడితే తొలగించడమా, చొక్కా కుట్టించడమా? బస్తీ పెద్దలు ఆలోచించాలి.

మనం చేయవలసిన పనులు

1. నియ్యత్‌ను సరిచేసుకోవాలి. ఎన్నికల కోసమో, పేరు కోసమో పెట్టిన సంస్థ ఎన్నికలతోనే ముగుస్తుంది.

2. పద్ధతిగా నమోదు చేయించాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులుండాలి. ఆ ఏడుగురిలో యువకులకు చోటివ్వాలి. లెక్కలు నెలనెలా గోడకు అంటించాలి. జకాత్ సొమ్మును వేరుగా ఉంచి, అర్హులకే చేర్చాలి.

3. తెరిచే వేళ యువకునికి అనుకూలంగా ఉండాలి. ఉదయం పది నుండి అయిదు దాకా తెరిచే కేంద్రం పనికి వెళ్ళే అబ్బాయికి ఎందుకూ కొరగాదు. మగ్రిబ్ తర్వాత తెరవాలి.

4. చదువు ఆపేసినవారి చేయి పట్టుకోవాలి. ఓపెన్ స్కూలు ద్వారా పదో తరగతి, ఇంటర్ రాయవచ్చు. దరఖాస్తు నింపడం, ఫీజు కట్టడం, లెక్కలు చెప్పడం అనే మూడు పనులకు ముగ్గురు మనుషులు చాలు.

5. ఆడపిల్లలను మరవకూడదు. పురుషులే ఎక్కువగా ప్రయోజనం పొందుతున్నారని స్త్రీలు విన్నవించుకోగా దైవప్రవక్త (స) వారి కోసం ప్రత్యేకంగా ఒక రోజు కేటాయించి బోధించారు. మన కేంద్రంలోనూ వారికి వేరే సమయం, గౌరవప్రదమైన ఏర్పాటు ఉండాలి.

6. పిల్లల రహస్యాలను కాపాడాలి. మత్తుకు అలవాటుపడిన అబ్బాయి ధైర్యం చేసి మనతో చెప్పుకుంటే, అది మర్నాటికి వీధంతా తెలియకూడదు. అతణ్ణి వైద్యుని దగ్గరికి తీసుకువెళ్ళాలి.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. సంస్థ ఎంత మంచిదైనా ఇంటికి బదులు కాదు. హజ్రత్ మాలిక్ బిన్ హువైరిస్ (రజి), ఆయన తోటి యువకులు దైవప్రవక్త (స) సన్నిధిలో ఇరవై రోజులు గడిపారు. వారు ఇంటివాళ్ళ మీద బెంగపెట్టుకున్నారని ఆయన గ్రహించారు. ఎవరెవరిని ఇంట్లో వదిలి వచ్చారో అడిగి తెలుసుకుని, ఇళ్ళకు తిరిగి వెళ్ళి తమవారికి నేర్పమని పంపించారు. కేంద్రం నుండి వచ్చిన అబ్బాయిని ఈ రోజు ఏం నేర్చుకున్నావు నాన్నా అని అడగండి. అతడు చెప్పేది వినండి.

యువ సోదరులారా! గుహవాసుల కథ చెబుతూ దివ్యఖుర్ఆన్ (అల్ కహఫ్ సూరా) వారిని తమ ప్రభువును విశ్వసించిన యువకులుగా పరిచయం చేసింది. అల్లాహ్ ఆరాధనలో పెరిగిన యువకునికి ప్రళయదినాన అల్లాహ్ నీడ లభిస్తుందన్న శుభవార్త ఉంది. యౌవనాన్ని దేనిలో గడిపావన్న ప్రశ్న కూడా ఆ రోజు ఉంది. ఎవరూ పిలవలేదని అరుగు మీదే ఉండిపోకండి. ఆ తలుపు మీది కూడా. తట్టండి.

ఇక మేమందరినీ కోరేది ఒక్కటే. ఈ రోజు ఇషా నమాజు తర్వాత ఇంటికి వెళ్తూ మీ వీధి అరుగు దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ముందుగా సలామ్ చెప్పండి. పేరు అడగండి. ఉపదేశం చేయకండి, అతడు చెప్పేది వినండి. మర్నాడు కూడా ఆగండి. యువజన సంస్థకు అసలైన ప్రారంభోత్సవం అదే.

అల్లాహ్ మన పిల్లలకు సన్మార్గాన్ని, మన పెద్దలకు వారిని నమ్మే హృదయాన్ని ప్రసాదించుగాక! మన బస్తీల అరుగులను సుఫ్ఫాలుగా మార్చుగాక! ఆమీన్.